రద్దు జాబితా రాసేముందు

(గ్రంథాలయ వారోత్సవాల్లో భాగంగా ఉమ్మడి వరంగల్ జిల్లాలోని ఒక చిన్న గ్రంథాలయంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అధ్యక్షులకు, గ్రంథపాలకులకు, ముందు వరుసలో కూర్చున్న పెద్దలకు, వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ పిల్లలకు నమస్కారం. పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లల టేబుళ్లన్నీ ఈ సభ కోసం లాగేసుకున్నాం. కాబట్టి ఎక్కువ టైమ్ తినను.

బయట బోర్డు మీద 'అరుదైన గ్రంథాలు' అని రాశారు. అది చూసి తాళపత్రాలో, బంగారు పూత పూసిన అట్టలో చూపిస్తానని వచ్చినవాళ్లు ఉంటే ముందే చెప్తున్నాను, అలాంటివేమీ ఇక్కడ లేవు. లోపలి గదిలో మోటారు స్విచ్ పక్కన ఇనుప బీరువాలు ఉన్నాయి. వాటిలో ఉన్న పుస్తకాల గురించే ఈ మాటలు. వాటిలో కొన్నిటిని ఈ ఏడాది రద్దు చేద్దామని కమిటీలో ఆలోచన నడుస్తోందని విన్నాను. చిరిగినవి, ఏళ్ల తరబడి ఎవరూ ఇంటికి తీసుకెళ్లనివి, లిపి అర్థం కానివి. రద్దీ కాగితాల కింద తూకానికి వేస్తే ఎంతొస్తుందో కూడా ఎవరో లెక్క కట్టారట. (నవ్వులు)

నవ్వకండి, ఆ లెక్క కట్టినాయన తప్పేమీ లేదు. స్థలం తక్కువ, కొత్త పుస్తకాలు వస్తున్నాయి, ఎక్కడ పెట్టాలి? నేననేది ఏమిటంటే, చిన్న గ్రంథాలయంలో అన్నిటికన్నా విలువైన పుస్తకం చాలాసార్లు రద్దు జాబితాలోనే ఉంటుంది. ఒక పుస్తకాన్ని రద్దు చేయడానికి మనం చెప్పే కారణాలేమిటి? పాతబడింది, అడిగేవాళ్లు లేరు, ఇప్పుడు ఎక్కడా అచ్చులో లేదు. అది అరుదైన పుస్తకం అనడానికి చెప్పే కారణాలూ అవే కదా. ఈ రెండిటినీ విడదీసి చూడాలంటే పుస్తకం తెరవాలి. అట్ట చూసి జాబితా రాయకూడదు.

అసలు ఇలాంటి పుస్తకాలు మన ఊళ్లకు ఎలా చేరాయి? 1901 సెప్టెంబరు 1న హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం మొదలైంది. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు దాని వెనక ఉన్నవాళ్లు. మూడేళ్లు తిరిగేసరికి, 1904లో, మన హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం వచ్చింది. నిజాం రాజ్యంలో కచేరీలో ఉర్దూ, కోర్టులో ఉర్దూ, పై చదువు ఉర్దూ. తెలుగు పుస్తకం పట్టుకుని నలుగురు కూర్చునే చోటంటూ ఉన్నది గ్రంథాలయమే. సభ పెట్టాలంటే గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు కింద ముందుగా సర్కారు అనుమతి కావాలి. గ్రంథాలయంలో చదువుకోవడమంటే మటుకు కొంత వెసులుబాటు. అందుకే ఆ తరంలో చదువు, రాజకీయం, స్నేహం అన్నీ పుస్తకాల గది చుట్టే తిరిగాయి.

1906లో విజ్ఞాన చంద్రికా గ్రంథ మండలి హైదరాబాద్‌లోనే పుట్టి, తర్వాత మద్రాసుకు మారింది. వాళ్లు మొదట వేసినవాటిలో గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర ఒకటి. రాజులు, దేవుళ్లు కాకుండా కట్టెలు కొట్టుకుని పైకొచ్చిన ఒక మనిషి కథ తెలుగులో అచ్చేసి ఊళ్లకు పంపారు. చిలుకూరి వీరభద్రరావు ఆంధ్రుల చరిత్ర కూడా ఆ మండలి వేసిందే. 1938లో వట్టికోట ఆళ్వారుస్వామి దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు మోసుకుని ఊరూరూ తిరిగి అమ్మారు. ఇక్కడి పాత రిజిస్టర్ చూస్తే ఇలాంటి పుస్తకాలు ఎలా వచ్చాయో తెలుస్తుంది. కొన్నది తక్కువ. ఒక వకీలు గారింటి నుంచి, ఒక బడిపంతులు చనిపోయాక వాళ్లబ్బాయి నుంచి, ఒక దేశ్‌ముఖ్ గడీ ఖాళీ చేసినప్పుడు ఎడ్లబండి మీద. ఆ రిజిస్టర్ కూడా బీరువాలో పెట్టదగ్గ పుస్తకమే. దాన్ని రద్దు చేస్తామంటే మటుకు నేను ఇక్కడే పడుకుంటాను. (నవ్వులు)

పాత పుస్తకం చేతికి వచ్చినప్పుడు మొదటి చిక్కు ఏడాది దగ్గర వస్తుంది. ఈ విషయం మీద కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే పాపం చాలా పుస్తకాలు ఇక్కడే అన్యాయమైపోతున్నాయి. ఒక గ్రంథాలయంలో కంప్యూటర్‌లో జాబితా ఎక్కించారు. ముఖపత్రం మీద 1344 అని ఉంటే, ముద్రణ సంవత్సరం గడిలో 1344 అని కొట్టేశారు. ప్రతాపరుద్రుడి రాజ్యం పోయింది 1323లో. అంటే కాకతీయులు పోయిన ఇరవై ఒక్కేళ్లకే ఓరుగల్లు దగ్గర అచ్చు పుస్తకం తయారైందన్నమాట! (నవ్వులు) అది ఫసలీ. నిజాం రాజ్యంలో కచేరీ లెక్కలన్నీ ఫసలీ సంవత్సరాల్లోనే నడిచేవి. ఫసలీకి 590 కలిపితే మన ఏడాది దొరుకుతుంది. అక్టోబరులో మారేది కాబట్టి 1344 ఫసలీ అంటే 1934 అక్టోబరు నుంచి 1935 అక్టోబరు దాకా.

అక్కడితో అయిపోలేదు. అదే 1344 ఒక ఉర్దూ పుస్తకం మీద ఉంటే అది హిజ్రీ కావచ్చు. అప్పుడది 1925-26. శాలివాహన శకమైతే 78 కలపాలి. కొందరు పండితులు అంకె వేయకుండా సంవత్సరం పేరు మటుకే వేసేవాళ్లు. దుందుభి నామ సంవత్సరం అని ఉందనుకోండి. అది 1862 కావచ్చు, 1922 కావచ్చు, 1982 కూడా కావచ్చు. ఇక కాగితం చూడాలి, అచ్చు అక్షరం చూడాలి, వెల చూడాలి. హైదరాబాద్ రాజ్యపు పుస్తకమైతే వెల దగ్గర మంచి ఆధారం దొరుకుతుంది. మనకు నిజాం నాణెం హాలీ సిక్కా, అవతల బ్రిటిష్ ఇలాకాలో కల్దార్ రూపాయి. ఆరు కల్దార్ రూపాయలకు దాదాపు ఏడు హాలీ రూపాయలు. వెల హాలీ పద్నాలుగు అణాలు, కల్దార్ పన్నెండు అణాలు అని రెండూ వేసి ఉంటే, ఆ పుస్తకం సరిహద్దుకు రెండు వైపులా అమ్ముడుపోవాలని ఆశపడి వేసిందని తెలిసిపోతుంది. ఈ వివరం చాలాసార్లు వెనక అట్ట మీద ఉంటుంది. ఆ అట్టనే మనవాళ్లు ముందుగా చింపి పారేస్తారు. దాని సంగతి తర్వాత చెప్తాను.

గోలకొండ కవుల సంచిక పేరు మీలో చాలామంది విన్నదే. తెలంగాణలో కవులు పూజ్యం, అంటే సున్నా అని ఒకాయన రాస్తే, సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రిక తరఫున 354 మంది కవులను పోగుచేసి 1934లో అచ్చేశారు. మాటకు మాట అనకుండా పేర్లు, ఊర్లు, పద్యాలు ముందు పెట్టారు. నాకు తెలిసిన జవాబుల్లో అంత మర్యాదైన జవాబు ఇంకొకటి లేదు. ఆ పుస్తకం తర్వాత మళ్లీ అచ్చయింది కదా, పాతది ఎందుకని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. చదువుకోవడానికి కొత్తదే మేలు, అక్షరం పెద్దది, కాగితం గట్టిది. కానీ మన పక్క తాలూకాల కవుల పేర్ల దగ్గర పెన్సిల్‌తో గీతలు ఉన్న ఒక పాత ప్రతిని చూశాను. ఒక పేరు పక్కన 'మా మేనమామ' అని, ఇంకో పేరు పక్కన ఇంటి పేరు సరిదిద్దుతూ రాసి ఉంది. అచ్చులో తప్పు పడ్డ ఇంటి పేరును ఆ ఊరివాడు సరిచేశాడు. పునర్ముద్రణలో ఆ సవరణ ఎలా వస్తుంది? ఎవరో పుస్తకం ఖరాబు చేశారని అలాంటి గీతల్ని రబ్బరుతో తుడిచే గ్రంథాలయ సిబ్బందిని కూడా చూశాను. దయచేసి తుడవకండి. ఇప్పటి పిల్లలు గైడ్లలో కొట్టే టిక్కులు మటుకు తుడవచ్చు.

పుస్తకాల కన్నా పత్రికల సంగతి ఇంకా కష్టం. 1922లో ఇనుగుర్తి అనే పల్లెటూరి నుంచి ఒద్దిరాజు సోదరులు, సీతారామచంద్రరావు, రాఘవరంగారావు, తెనుగు పత్రిక అనే వారపత్రిక నడిపారు. అప్పటికి అది వరంగల్ జిల్లా, ఇప్పుడు మహబూబాబాద్ జిల్లా. అదే ఏడాది నల్లగొండ నుంచి నీలగిరి పత్రిక వచ్చింది. గోలకొండ పత్రిక రావడానికి ఇంకా నాలుగేళ్లు ఉంది. ఒక పల్లెలో ప్రెస్సు పెట్టి, తామే రాసి, తామే అచ్చేసి, తామే టపాలో వేయడం ఎంత పనో ఊహించుకోండి. అన్నట్టు వరంగల్‌లో 1948 నుంచి కొన్నేళ్లు కాకతీయ పత్రిక నడిచింది. నడిపింది పాములపర్తి సదాశివరావు, పి.వి. నరసింహారావు. తర్వాత ప్రధానమంత్రి అయిన పీవీయే. జయ, విజయ అని కలం పేర్లు పెట్టుకుని రాసేవాళ్లు. ఇలాంటి పత్రికలను ఎవరూ బైండు చేయించి దాచరు. చదివాక పొట్లాలు కడతారు, అల్మారా అడుగున పరుస్తారు. అందుకే పాత పుస్తకం కింద పరిచిన కాగితాన్ని కూడా తిరగేసి చూడమంటాను. బడి వార్షికోత్సవ సంచికలు, గుడి స్థలపురాణం కరపత్రాలు, బుర్రకథ బుక్‌లెట్లు, సహకార సంఘం నివేదికలు, ఇవన్నీ అదే జాతి. నాలుగు పేజీలు, ముప్పై రెండు పేజీలు. పుస్తకంలా నిలబడవు కాబట్టి రిజిస్టర్‌లోకే ఎక్కవు. మన ఊరి బడి సంచిక జాతీయ గ్రంథాలయంలో వెతికితే దొరుకుతుందా? ఉంటే ఇక్కడే ఉండాలి.

శాసనాల పుస్తకాలు ఎవరూ తీసుకెళ్లరు, ఒప్పుకుంటాను. లావుగా ఉంటాయి, చదవలేం. లక్ష్మణరాయ పరిశోధక మండలి 1935లో తెలంగాణా శాసనములు మొదటి సంపుటం వేసింది. శ్రీనివాసాచారి సంకలనం చేసిన నిజాం పురావస్తు శాఖ సంపుటం 1940లో వచ్చింది. మన పొలాల్లో, చెరువు కట్టల మీద, గుళ్ల ముందు ఉన్న రాళ్ల మీది అక్షరాలు వాటిలో ఉన్నాయి. రాయికి సున్నం కొట్టారు, గట్టు వెడల్పు చేసేటప్పుడు పగిలిపోయింది, ఇంకోచోట బట్టలు ఉతికే బండైంది. అప్పుడు మిగిలేది పుస్తకంలో ఉన్న పాఠమే. వేయిస్తంభాల గుడిలో రుద్రదేవుడి 1163 నాటి శాసనం రాయి ఇంకా నిలబడే ఉంది, అది అదృష్టం. అన్ని రాళ్లకూ అంత అదృష్టం లేదు.

గులాం యాజ్దానీ పాలంపేటలోని రామప్ప గుళ్ల మీద రాసిన పుస్తకం 1922లో భారత పురావస్తు శాఖ వేసింది. రామప్పకు 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక అందరూ సెల్ఫీలు దిగుతున్నారు, మంచిదే. కానీ వందేళ్ల కిందట ఆ గుడి ఎలా ఉండేదో, ఏ రాయి ఎక్కడ ఒరిగిందో ఆ పుస్తకంలోని ఫొటోల్లో చూడాలి. పక్కనున్న కామేశ్వరాలయాన్ని విప్పి మళ్లీ కట్టే పని పెట్టుకున్నప్పుడు ఏ రాయి ఎక్కడిదో చెప్పే సాక్ష్యం పాత ఫొటోలు, కొలతలే కదా.

ఇక లిపి అర్థం కాని పుస్తకాలు. ఉర్దూవి. వీటిని రద్దు చేయడం అన్నిటికన్నా సులువు, ఎవరూ అడగరు, ఎవరూ ఏడవరు. 1917లో హైదరాబాద్‌లో అనువాద విభాగం పెట్టి, ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం భౌతికశాస్త్రం, చరిత్ర, న్యాయం అన్నీ ఉర్దూలోకి తెచ్చారు. ఒక భారతీయ భాషలో విశ్వవిద్యాలయ చదువు మొత్తం చెప్పిన ప్రయత్నం అది. మాతృభాషలో ఇంజనీరింగ్ చెప్పొచ్చా అని ఇప్పుడు టీవీల్లో వాదించుకునేవాళ్లు ఆ పుస్తకాలు ఒకసారి చూడాలి. మన తాతల్లో చాలామంది తెలుగు ఇంట్లో, ఉర్దూ బడిలో చదువుకున్నవాళ్లు. కాళోజీ, పీవీ ఆ బడుల నుంచి వచ్చినవాళ్లే. ఆ పుస్తకాల పేర్లు చదవగలిగిన పెద్దవాళ్లు ఊళ్లో ఇంకా ఉన్నారు. వాళ్లను ఓ సాయంత్రం పిలిచి, చాయ్ ఇచ్చి, ఒక్కో పుస్తకం పేరు, రచయిత, ఏడాది తెలుగులో రాయించుకోండి. ఈ పని ఎక్కువ ఆలస్యం చేయడానికి లేదు.

ఇప్పుడు కాగితం గురించి. చిత్రమేమిటంటే, 1850కి ముందు కాగితం తెల్లగా, గట్టిగా ఉంటుంది. 1940ల కాగితం ముట్టుకుంటే అప్పడంలా విరుగుతుంది. కారణం తయారీలోనే ఉంది. పాత కాగితం గుడ్డ పీలికల నుంచి, నారల నుంచి చేత్తో తీసింది. మన కోరుట్ల అందుకు పేరు మోసిన ఊరు. అక్కడి ముతక కాగితం మీదే పట్వారీలు లెక్కలు రాసేవాళ్లు. ఆ పహాణీలు ఇప్పటికీ మడత పెడితే విరగవు. తర్వాత కర్ర గుజ్జు వచ్చింది. సిరా పాకకుండా పటిక, రాళ అనే చెట్టు జిగురు కలిపారు. పటికలోంచి పుట్టే ఆమ్లం లోపల్లోపలే కాగితం నారను తినేస్తుంది. కర్రలో ఉండే లిగ్నిన్ అనే పదార్థం వెలుతురు తగిలితే పసుపు పచ్చబడుతుంది. ఇక రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో కాగితానికి కటకట. కాగజ్‌నగర్‌లో సిర్పూర్ మిల్లు అప్పుడప్పుడే మొదలవుతున్న కాలం. దొరికిన కాగితం మీద దొరికినట్టు అచ్చేశారు. అందుకే మనకు అన్నిటికన్నా ముఖ్యమైన కాలం, 1930 నుంచి 1950 దాకా, ఆంధ్ర మహాసభలు, సాయుధ పోరాటం, పోలీసు చర్య, అంతా అన్నిటికన్నా నాసిరకం కాగితం మీద ఉంది. 1850 నాటి పుస్తకం ఇంకో వందేళ్లు ఆగుతుంది. 1945 నాటి కరపత్రం ఆగదు. పని మొదలుపెడితే దానితోనే పెట్టాలి.

అట్ట సంగతి తర్వాత చెప్తానన్నాను. నా ఉద్దేశంలో చెదల కన్నా బైండరు వల్ల ఎక్కువ నష్టం జరిగింది. ఆయన మంచివాడే, మనం చెప్పిందే చేస్తాడు. పాత అట్టలు తీసేస్తాడు, పక్క కుట్టు వేస్తాడు, మూడు వైపులా మిషన్‌తో కోసి నున్నగా చేస్తాడు. ఆ కోతలో అంచున రాసిన రాతలు పోతాయి. అట్టతో పాటు వెల, ప్రకటనలు, చందాదారుల జాబితా పోతాయి. పక్క కుట్టు వేసిన పెళుసు కాగితం తెరిచిన ప్రతిసారీ కుట్టు దగ్గర విరుగుతుంది. రెండేళ్లకు పుస్తకం గట్టి అట్ట మధ్య విడి ఆకుల కట్ట అవుతుంది. పాత పుస్తకానికి బైండింగ్ వద్దు. ఆమ్లం లేని కాగితంలో చుట్టి, గట్టి అట్టపెట్టెలో పెట్టి, నూలు టేపుతో కట్టండి చాలు. సెల్లోటేపు అసలే వద్దు. కొన్నేళ్లకు టేపు ఊడిపోతుంది, జిగురు మరక మటుకు అక్షరాల మీద ఉండిపోతుంది. అతికించక తప్పకపోతే పల్చటి జపాను కాగితం, పల్చగా కాచిన మైదా జిగురు. జిగురులో మైలుతుత్తం వేయకండి. పురుగుకు మంచిదని మన పెద్దలు వేసేవాళ్లు కానీ, అది కాగితాన్నీ పాడుచేస్తుంది.

నీళ్లు. 2023 జూలైలో మోరంచపల్లి ఊరు ఊరే మునగడం చూశాం. హనుమకొండ, వరంగల్ కాలనీల్లోకి నీళ్లొచ్చాయి. 2000 ఆగస్టు వరదకు హైదరాబాద్‌లో సుందరయ్య విజ్ఞాన కేంద్రం పుస్తకాలూ తడిశాయి. కాబట్టి బీరువాలో కింది అర ఖాళీగా ఉంచండి. మోటారు స్విచ్ పక్క నుంచి బీరువాల్ని జరపండి, ఇది ఈరోజే చేయగలిగిన పని, పైసా ఖర్చు లేదు. పుస్తకం తడిస్తే ఎండలో వేయకండి, వంకరపోతుంది. నీడలో, ఫ్యాను కింద, ఆకుల మధ్య తెల్ల కాగితం పెట్టి ఆరబెట్టాలి. రెండు రోజులు దాటితే బూజు మొదలవుతుంది.

డబ్బు ఎక్కడిది అంటారు. ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. ఆ సొమ్ము ఇక్కడి దాకా ఎంత వస్తోందో, ఎప్పుడు వస్తోందో అధ్యక్షుల వారికి నాకన్నా బాగా తెలుసు. ఆయన్ని ఇబ్బంది పెట్టను. (నవ్వులు) అట్టపెట్టెలకు, కాగితానికి మరీ పెద్ద మొత్తం కాదు. స్కానర్ కొనేదాకా ఆగక్కర్లేదు. ఫోన్‌తో ఒక్కో పుస్తకానికి ఐదు ఫొటోలు తీయండి: ముందు అట్ట, ముఖపత్రం, దాని వెనక పేజీ, చివరి పేజీ, వెనక అట్ట. మొదటి ఫొటోలో రిజిస్టర్ నంబరు చీటీ కనబడాలి. జిరాక్స్ మిషన్ మీద బోర్లించి నొక్కకండి, నడుము విరుగుతుంది. రచయిత చనిపోయిన మరుసటి ఏడాది నుంచి అరవై ఏళ్లు దాటితే మొత్తం పుస్తకం స్కాన్ చేసి అందరికీ ఇవ్వొచ్చు. ప్రతాపరెడ్డి గారు 1953లో పోయారు, ఆళ్వారుస్వామి 1961లో. ఇద్దరి పుస్తకాలకూ ఆ గడువు దాటిపోయింది.

ప్రశ్నలు ఉంటే అడగండి.

(ఒక శ్రోత: మా ఇంట్లో అటక మీద తాళపత్రాలు ఉన్నాయి సార్, ఇక్కడికి తెచ్చివ్వమంటారా?)

ఇక్కడికి వద్దమ్మా. ఉన్నమాట చెప్తున్నాను, కోపం తెచ్చుకోకండి గ్రంథపాలకులు గారూ. తాళపత్రాలు చూసుకునే ఏర్పాటు ఇక్కడ లేదు. హైదరాబాద్‌లో, ఉస్మానియా యూనివర్సిటీ ఆవరణలో ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయం ఉంది, వాళ్ల పనే అది. ఆలోపు దారం విప్పకండి, ఒంటికి రాసే నూనెలు పూయకండి, ఎండలో పెట్టకండి. శుభ్రమైన నూలు గుడ్డలో చుట్టి, అటక మీద నుంచి దించి, ఎలుకలు తిరగని చోట పెట్టండి. కట్ట పైన ఏమన్నా పేరు రాసి ఉంటే ఫోన్‌లో ఫొటో తీసి నాకు చూపించండి. అందులో ఏముందో మీ ఇంట్లో పెద్దవాళ్లకు ఏమైనా గుర్తుందేమో ఈ రాత్రే అడగండి.

(ఇంకో శ్రోత: ఉర్దూ పేర్లు చదవడానికి మా నాన్న వస్తారు సార్, ఏ రోజు రమ్మంటారు?)

ఆదివారం పొద్దున పది గంటలకు. కళ్లజోడు మరిచిపోవద్దని చెప్పండి, ఆ అచ్చు చాలా చిన్నది.